కొండ లేని చోట ఆర్చ్ ఎలా నిలబడింది? | గోదావరి ఆర్చ్ బ్రిడ్జి

రాజమండ్రి దగ్గర రైలు గోదావరి మీదకి ఎక్కగానే బోగీలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. పడుకున్నవాళ్ళు లేస్తారు. ఫోన్లు బయటికొస్తాయి. మా మామ్మ లాంటి వాళ్ళు కొంగుముడి విప్పి ఒక రూపాయి బిళ్ళ తీసి, దణ్ణం పెట్టుకుని నదిలోకి వేస్తారు. ఆ బిళ్ళ వేసే టైమ్‌లో కిటికీ బయట తెల్లటి ఆర్చ్‌లు ఒకదాని తర్వాత ఒకటి వెళ్తుంటే మీరు ఆర్చ్ బ్రిడ్జి మీద ఉన్నట్టు. ఇనప కమ్మీలు వెళ్తుంటే రోడ్డు-కం-రైలు బ్రిడ్జి మీద ఉన్నట్టు.

ఈ ఎపిసోడ్ చెయ్యడానికి అసలు కారణం నా తప్పు. ఇంతకు ముందు ఒక వీడియోలో ఈ బ్రిడ్జి గురించి రెండు నిమిషాలు మాట్లాడాను. "ఆర్చ్ బరువు మొత్తాన్ని తీసుకెళ్ళి పక్కనున్న పిల్లర్ల మీదకి తోసేస్తుంది, పిల్లర్లు ఆపుతాయి" అని చాలా ధైర్యంగా చెప్పేశాను. బ్రిడ్జిల పని చేసి రిటైర్ అయిన ఒక పెద్దాయన కింద ఒకటే లైను రాశారు: "బాబూ, ఆ పిల్లర్లు ఇసకలో ఉన్నాయి, అవి ఆపలేవు, మళ్ళీ చదువుకో." నేను బీటెక్కే గానీ సివిల్ కాదు. సరే అని మళ్ళీ చదువుకున్నా. చదువుకున్నాక ఆ బ్రిడ్జిని చూసే పద్ధతే మారిపోయింది నాకు. ఆ లైను చుట్టూనే ఇవాళ్టి ఎపిసోడ్.

ముందు ఒక చిన్న పని చెయ్యండి. ఇంట్లో చీపురు నుంచి ఒక పుల్ల లాగండి (అమ్మ చూడకుండా). దాన్ని విల్లులాగా వంచి రెండు కొసలూ గచ్చు మీద పెట్టి, మధ్యలో వేలితో నొక్కండి. ఏమవుతుంది? కొసలు రెండూ బయటికి జారిపోతాయి. ఇప్పుడు రెండు కొసల దగ్గరా రెండు బరువైన పుస్తకాలు అడ్డం పెట్టి నొక్కండి. జారదు. ఆర్చ్ అంటే ఇంతే. మీద పడ్డ బరువుని కిందకి మాత్రమే కాదు, పక్కకి కూడా తన్నుతుంది. ఆ తన్నుని ఎవరో ఒకరు కాయాలి.

ఆ తన్ను ఎంతుంటుందో ఒక లెక్క చూద్దాం. ఇది గోదావరి బ్రిడ్జి డ్రాయింగ్‌లోది కాదు, అర్థం కావడానికి నేను గుండ్రంగా తీసుకున్న అంకెలు. 100 మీటర్ల వెడల్పు ఆర్చ్, మధ్యలో 20 మీటర్ల ఎత్తు, మీటరుకి 10 టన్నుల బరువు అనుకోండి. మీటరు బరువుని వెడల్పుతో రెండుసార్లు గుణించి, ఎత్తుకి 8 రెట్లతో భాగిస్తే పక్కకి తన్నే బలం వస్తుంది. 625 టన్నులు! అదే ఆర్చ్‌ని చదునుగా చేసి ఎత్తు 10 మీటర్లే పెడితే 1,250 టన్నులు. అంటే మొత్తం బరువు 1,000 టన్నులైతే పక్క తన్ను దాన్ని మించిపోయింది. ఆర్చ్ ఎంత చదునుగా ఉంటే అంత గట్టిగా తన్నుతుందన్నమాట.

ఇప్పుడు లోయల్లో కట్టే కాంక్రీట్ ఆర్చ్‌ల సంగతి చూడండి. స్విట్జర్లాండ్‌లో షియర్స్ అనే ఊరి పైన సాల్గినాటోబెల్ అని ఒక బ్రిడ్జి ఉంది. 1930లో పూర్తయింది. రాబర్ట్ మాయార్ అనే ఇంజనీర్ డిజైన్. స్పాన్ 90 మీటర్లు, కింద లోయ కూడా దాదాపు అంతే లోతు. ఫోటో చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ ఇంజనీరింగ్ పరంగా అక్కడ ఒక పెద్ద సుఖం ఉంది. రెండు పక్కలా కొండ. ఆర్చ్ తన్నితే తన్నుకోనీ, కొండ ఎక్కడికీ పోదు. అమెరికాలో హూవర్ డ్యామ్ పక్కన 2010లో తెరిచిన కాంక్రీట్ ఆర్చ్ కూడా అంతే. 323 మీటర్ల స్పాన్, కొలరాడో నదికి దాదాపు 270 మీటర్ల పైన. అటూ ఇటూ రాతి గోడలు. మన కశ్మీర్‌లో 2025 జూన్‌లో మొదలైన చీనాబ్ బ్రిడ్జి గురించి అడుగుతారని తెలుసు. 359 మీటర్ల ఎత్తు, 467 మీటర్ల ఆర్చ్. కానీ అది స్టీల్ ఆర్చ్. దానికీ ఆసరా కొండే.

మన గోదావరికి కూడా లోయ ఉందండి. పాపికొండలు లాంచీలో వెళ్ళినవాళ్ళకి తెలుసు, రెండు పక్కలా కొండలు మీదకొచ్చేసినట్టు ఉంటాయి, నది కొన్ని వందల మీటర్లకి ముడుచుకుపోతుంది. కానీ పోలవరం దాటి కొండల్లోంచి బయటపడ్డాక గోదారమ్మ ఒళ్ళు విరుచుకుంటుంది. రాజమండ్రి-కొవ్వూరు మధ్య దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పు. అడుగున ఇసక. రైలుకి దాటాల్సింది ఇక్కడ. కొండలున్న చోట కాదు.

పైగా ఆ నది మామూలుది కాదు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కులు పోయింది. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ "ఎనభయ్యారు వరద" అంటూనే లెక్కలు చెప్తారు, ఎవరి పెళ్ళి ముందు, ఎవరు పుట్టింది తర్వాత అని. కాబట్టి నీళ్ళల్లో ఎన్ని తక్కువ పిల్లర్లు పెడితే అంత మంచిది. కానీ పిల్లర్లు తగ్గితే స్పాన్ పెరుగుతుంది.

ఇక్కడ పాత బ్రిడ్జిని తలుచుకోవాలి. హేవలాక్ బ్రిడ్జి. 1897లో పని మొదలై 1900లో రైళ్ళు నడిచాయి. వాల్టన్ అనే ఇంజనీర్ ఆధ్వర్యంలో కట్టారు. అప్పటి మద్రాసు గవర్నర్ హేవలాక్ పేరు పెట్టారు. రాతి స్తంభాలు, వాటి మీద ఇనప గర్డర్లు. మొత్తం 56 ఖానాలు. ఖానా అంటే రెండు స్తంభాల మధ్య జాగా, మా తాతయ్య వాళ్ళు స్పాన్‌ని అలాగే అంటారు. 1974లో రోడ్డు-కం-రైలు బ్రిడ్జి వచ్చింది, పైన రోడ్డు, కింద ఒక లైను. హేవలాక్ బ్రిడ్జి ముసలిదైపోతోంది కాబట్టి దాని బదులు ఇంకోటి కావాలి. 1991లో పని మొదలుపెట్టారు. హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ కట్టింది. 1997లో ఆర్చ్ బ్రిడ్జి సిద్ధమయ్యాక హేవలాక్‌ని రిటైర్ చేశారు. దాదాపు తొంభై ఏడేళ్ళ సర్వీసు!

కొత్త బ్రిడ్జికి 28 స్పాన్లు. ఒక్కోటి 97.55 మీటర్లు. పాతదానికి 56, కొత్తదానికి 28. పాత రెండు ఖానాలకి కొత్తది ఒకటి. అంటే నదిలో స్తంభాల సంఖ్య సగానికి సగం తగ్గింది. ఇంకోటి గమనించారా? స్విస్ లోయ మీద 90 మీటర్లు ఒక్కటే ఆర్చ్. మన దగ్గర అంతకంటే కొంచెం పెద్దవి ఇరవై ఎనిమిది, వరసగా. దాన్ని చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచి ఇంజనీర్లు వెళ్తారు. దీని మీద మనం నిద్రపోతూ వెళ్తాం.

సరే, అసలు ప్రశ్నకొద్దాం. కొండ లేదు. మరి ఆ 28 ఆర్చ్‌లు తన్నే తన్నుని ఎవరు కాస్తున్నారు?

నేను చెప్పినట్టు పిల్లర్లు కాస్తాయనుకుందాం. పిల్లర్ కింద ఏముంది? వెల్ ఫౌండేషన్, అంటే బావి పునాది. మన ఊళ్ళో నుయ్యి తవ్వి ఒరలు దింపినట్టే. పెద్ద కాంక్రీట్ నూతిని కట్టి, లోపలి ఇసక తోడుతుంటే అది తన బరువుకి తనే దిగుతుంది. నిలువు బరువు మొయ్యడంలో అది ఏనుగు లాంటిది. కానీ నూతి మీద పొడుగాటి స్తంభం, ఆ స్తంభం తల మీద పక్క నుంచి వందల టన్నుల తోపు అంటే కథ వేరు. ఇసకలో గునపం పాతి పైకొస పట్టుకుని ఊపినట్టు.

"పక్క ఆర్చ్ కూడా ఇటు తన్నుతుంది కదా, రెండూ కొట్టేసుకుంటాయి కదా" అనొచ్చు. మంచి ప్రశ్న. నాకూ అదే డౌటొచ్చింది. బ్రిడ్జి ఖాళీగా ఉన్నప్పుడు కొట్టేసుకుంటాయి. కానీ గూడ్సు బండి ఒక స్పాన్ మీద ఉండి పక్క స్పాన్ ఖాళీగా ఉంటే? ఒక వైపు తన్ను ఎక్కువ, ఒక వైపు తక్కువ. రైలు ముందుకెళ్ళే కొద్దీ ఆ తేడా ప్రతి పిల్లర్ మీదకీ వరసగా వస్తుంది. ఇంకా భయంకరమైన విషయం: ఎప్పుడైనా ఒక్క ఆర్చ్‌కి ఏదైనా అయితే, దాని పక్కదానికి ఆసరా పోతుంది, అది పోతే దాని పక్కది. పేకమేడ.

పెద్దాయన చెప్పిందే కరెక్ట్. పిల్లర్లు ఆపట్లేదు.

పెయింటర్లు తెచ్చే మడత నిచ్చెన చూశారా? రెండు కాళ్ళూ విప్పి నిలబెడతారు. మధ్యలో ఒక తాడో గొలుసో ఉంటుంది. నున్నటి టైల్స్ మీద కూడా ఆ నిచ్చెన కాళ్ళు జారవు. ఎందుకంటే కాళ్ళని పట్టుకుంది నేల కాదు, తాడు. తాడు తెంపితే మనిషి కింద ఉంటాడు. మన ఆర్చ్ బ్రిడ్జిలో కూడా ఆ తాడు ఉంది. అది ఎక్కడుందో తెలుసా? రైలు పట్టాల కిందే. మీరు వెళ్తున్న ఆ కాంక్రీట్ డెక్కే ఆ తాడు.

దీన్ని బౌస్ట్రింగ్ ఆర్చ్ అంటారు. విల్లు, వింటినారి. పైన వంగినది విల్లు, కింద సాగదీసి పట్టుకున్న నారి డెక్. విల్లు కాళ్ళు బయటికి పోదామంటే నారి లోపలికి లాగుతుంది. ఆ గొడవంతా స్పాన్ లోపలే తీరిపోతుంది. ఇంట్లో గొడవ వీధిలోకి రానట్టు. పిల్లర్ దాకా వచ్చేసరికి నిలువు బరువు మాత్రమే మిగులుతుంది. ఆ బరువు మోయడం నూతి పునాదికి బాగా వచ్చిన పని. ప్రతి స్పాన్ దేనికదే, పక్కదాని మీద ఆధారపడదు. పేకమేడ భయం పోయింది.

అందుకే లోయ ఆర్చ్‌లో రోడ్డు పైన ఉంటుంది, ఆర్చ్ కింద. మన దగ్గర ఆర్చ్ పైన, ట్రాక్ కింద. "పైన ఆర్చ్ షో కోసం పెట్టారు" అని రీల్స్‌లో ఒకాయన చెప్తుంటే విన్నాను. కాదండి బాబూ. ట్రాక్‌కి అటొకటి ఇటొకటి ఉన్న ఆ రెండు ఆర్చ్‌లకి నిలువుగా సన్నటి హ్యాంగర్లు ఉంటాయి. డెక్ వాటికి వేలాడుతోంది. రైలు బరువు డెక్ మీద, డెక్ నుంచి హ్యాంగర్లలోకి, హ్యాంగర్ల నుంచి పైకి ఆర్చ్‌లోకి, ఆర్చ్ నుంచి కాళ్ళ దాకా, కాళ్ళ దగ్గర మళ్ళీ డెక్ పట్టుకుంటుంది. చుట్టూ తిరిగి మొదలైన చోటికే.

ఇక్కడ ఒక చిక్కుంది. ఇదే నాకు బాగా నచ్చిన భాగం. నారి అంటే లాగుడు. కాంక్రీట్‌ని నొక్కితే రాయి, లాగితే బిస్కెట్. మరి కాంక్రీట్‌తో నారి ఎలా చేశారు?

ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా వేయడం చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మన జనరేషన్‌లో కష్టమే. పట్టాని చక్రం కంటే కాస్త చిన్నదిగా చేసి, ఎర్రగా కాల్చి, సాగినప్పుడు చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తారు. చల్లారి ముడుచుకుని కర్ర ముక్కలన్నిటినీ బిగించేస్తుంది. బండి రోడ్డెక్కక ముందే చక్రం నొక్కుడులో ఉంటుంది. ప్రీస్ట్రెస్డ్ కాంక్రీట్ కూడా అంతే. డెక్ లోపల గొట్టాల్లోంచి గట్టి స్టీల్ తీగలు దూర్చి, జాకీలతో లాగి, కొసల దగ్గర లాక్ చేస్తారు. తీగలు ముడుచుకోవాలని చూస్తాయి, కాంక్రీట్ నలుగుతుంది. ఉదాహరణకి ముందే 1,000 టన్నుల నొక్కుడు పెట్టారనుకోండి. ఆర్చ్ 600 టన్నులు లాగినా ఇంకా 400 టన్నుల నొక్కుడు మిగిలే ఉంటుంది. కాంక్రీట్‌కి లాగుడు అనేది అసలు తెలియనే తెలియదు. మోసం చేశాం దాన్ని.

ఈ ఐడియాకి మూలపురుషుడు ఫ్రెంచి ఇంజనీర్ యూజీన్ ఫ్రేసినే. ఈయన కథ కూడా ఆర్చ్‌తోనే మొదలైంది. 1908 ప్రాంతంలో 50 మీటర్ల టెస్ట్ ఆర్చ్ ఒకటి కట్టి, దాని కాళ్ళని బిగించిన స్టీల్ తీగల నారితో పట్టి ఉంచాడు. తర్వాత అలియే నది మీద ల వెర్ద్ర్ అనే చోట మూడు ఆర్చ్‌ల బ్రిడ్జి కట్టాడు. అంతా బాగుంది అనుకున్నాక నెలలు గడిచే కొద్దీ ఆర్చ్‌ల నడుము కిందకి దిగడం మొదలైంది. పది సెంటీమీటర్ల పైన దిగిపోయింది. చదునైన ఆర్చ్ కదా, ఇంకాస్త దిగితే కూలిపోతుంది. ఆయన జాకీలు పెట్టి మళ్ళీ పైకెత్తి నిలబెట్టాడు. కాంక్రీట్ బరువు కింద ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా పొట్టిదవుతూనే ఉంటుందని ఆ భయంలోంచే ఆయనకి అర్థమైంది. దాన్ని క్రీప్ అంటారు. మామూలు ఇనప కడ్డీని లాగి పెడితే ఆ క్రీప్‌కి బిగువంతా పోతుంది. చాలా గట్టి స్టీల్‌ని, చాలా ఎక్కువ లాగితేనే బిగువు మిగులుతుంది. 1928లో ప్రీస్ట్రెసింగ్‌కి పేటెంట్ తీసుకున్నాడు. ఆ రోజు ఆయన పడ్డ టెన్షన్ వల్లే ఇవాళ మా మామ్మ గోదాట్లో రూపాయి వేస్తోంది అనుకుంటే నాకు నవ్వొస్తుంది.

కట్టే వరస కూడా తిరగబడుతుంది. లోయలో ముందు ఆర్చ్, తర్వాత దాని మీద రోడ్డు. బౌస్ట్రింగ్‌లో నారి లేకుండా విల్లు నిలబడదు. కాబట్టి తాత్కాలిక ఆసరా మీద ముందు డెక్ ఉండాలి, తర్వాతే ఆర్చ్, ఆ తర్వాత హ్యాంగర్లు బిగించి ఆసరా తీసెయ్యాలి. ఇదంతా వరదల మధ్య దొరికే నెలల్లో.

ఎండ సంగతి కూడా చెప్పాలి. రాజమండ్రి ఎండ మీకు నేను పరిచయం చెయ్యక్కర్లేదు. 30 డిగ్రీల తేడాకి వంద మీటర్ల కాంక్రీట్ దాదాపు 3 సెంటీమీటర్లు సాగుతుంది. లోయలో కొండల మధ్య ఇరుక్కున్న ఆర్చ్‌కి సాగే చోటు లేదు, నడుము పైకి లేవాల్సిందే. మాయార్ తన ఆర్చ్‌లో మూడు కీళ్ళు పెట్టింది అందుకే, ఒకటి నడినెత్తిన, రెండు కాళ్ళ దగ్గర. బౌస్ట్రింగ్‌కి ఆ బాధ తక్కువ. విల్లూ నారీ కలిసే సాగుతాయి, కింద బేరింగ్ మీద ఒక కొస కొంచెం జరిగితే సరిపోతుంది.

ఇప్పుడు అసలు భయపెట్టే మాట. కొండకి తుప్పు పట్టదు. నారికి పడుతుంది. హ్యాంగర్లకి కూడా.

తైవాన్‌లో నాన్‌ఫాంగావో అని ఒక రేవు. అక్కడ 1998లో కట్టిన ఆర్చ్ బ్రిడ్జి, మనదాని ఈడుదే. అది స్టీల్‌ది, మధ్యలో ఒకటే ఆర్చ్, డిజైన్ వేరు. కానీ సూత్రం ఇదే, డెక్ హ్యాంగర్లకి వేలాడుతుంది. 2019 అక్టోబర్ 1న ఒక ట్యాంకర్ లారీ దాదాపు దాటేసింది అనగా హ్యాంగర్లు పటపటా తెగిపోయి బ్రిడ్జి మొత్తం కింద పడవల మీద పడింది. ఆరుగురు చనిపోయారు, పడవల్లో పనికొచ్చిన వలస కూలీలు. విచారణలో తేలింది ఏంటంటే, హ్యాంగర్ తీగలు కింద డెక్‌లోకి దిగే చోట, లోపల, తుప్పు తినేసింది. పైకి కనపడే భాగం బానే ఉంది. కెమెరాకి అందంగా కనిపించే చోట ఏ జబ్బూ లేదు.

మన బ్రిడ్జికి అలా అవుతుందని చెప్పట్లేదు, దయచేసి ఈ ముక్క కట్ చేసి వాట్సాప్‌లో తిప్పకండి. కానీ చూసుకోవాల్సిన చోటు ఎక్కడో తెలియాలి కదా. హేవలాక్ బ్రిడ్జిలో గర్డర్‌కి తుప్పు పడితే గ్యాంగ్‌మన్ కంటికి కనపడుతుంది, గోకి పెయింట్ వేస్తాడు. ప్రీస్ట్రెస్ తీగ కాంక్రీట్ లోపల గొట్టంలో ఉంటుంది. నీళ్ళు ఎక్కడ ఊరుతున్నాయి, కాంక్రీట్ మీద సన్న పగులు ఎటు పోతోంది, హ్యాంగర్ కింద కొస దగ్గర తుప్పు మరక ఉందా, ఇవే గుర్తులు. వాటిని చూసే ఉద్యోగం చేసేవాళ్ళు ఉంటారు. ఎండలో, కింద నీళ్ళ మీద, రైలుకీ రైలుకీ మధ్య దొరికే గ్యాప్‌లో. వాళ్ళ మీద ఎవరూ రీల్ చెయ్యరు.

రీల్ అంటే గుర్తొచ్చింది. ఆ బ్రిడ్జి మీద సింగిల్ లైన్. రైలొస్తే పక్కకి తప్పుకోవడానికి మీరనుకున్నంత చోటు ఉండదు. అక్కడికి నడుచుకుంటూ వెళ్ళి వీడియో తియ్యొద్దు. పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చోండి, సాయంత్రం పూట ఇరవై ఎనిమిదీ కనపడతాయి. పక్కనే హేవలాక్ పాత స్తంభాలూ ఉంటాయి. రెండు పాత ఖానాలకి ఒక ఆర్చ్ అన్నాను కదా, అక్కడ లెక్కపెట్టుకోవచ్చు.

నేను పోయిన వారం కూర్చున్నా. ఒక గూడ్సు బండి వచ్చింది. నేను ఆర్చ్‌ల వైపు చూడలేదు ఈసారి. వాటి కాళ్ళ మధ్య తిన్నగా ఉన్న ఆ బూడిదరంగు గీత వైపు చూశా, బండి మొత్తం వెళ్ళేదాకా.

ఆ నూతులు నదిలో ఎలా దింపుతారు, వంకరగా దిగితే ఎలా సరిచేస్తారు అనేది పెద్ద కథ, వచ్చే ఎపిసోడ్ దాని మీదే. ఆ పెద్దాయన ఇది చూస్తుంటే, గురువుగారూ, ఈసారి ఎక్కడ తప్పు చెప్పానో కింద రాయండి. ఉంటానండి, నమస్తే.